మౌసు ఆగితే కంప్యూటర్ చచ్చిపోయినట్టేనా?

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగితే, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. ట్రంకు పెట్టె తాళంచెవి పోయిన రోజు, పులిహోర రోజు, చక్రతీర్థ స్నానాల జనంలో చెప్పులు పోగొట్టుకుని కాలి మీద కాలేసుకుంటూ హాస్టల్‌కి వచ్చిన రోజు... ఇవన్నీ పాత సంచికల్లో అన్నలు నాకంటే బాగా రాసేశారు. అందుకని నేను మౌసు గురించి రాస్తున్నాను. నవ్వకండి. బియ్యం బస్తాల వెనక తిరిగే ఎలుక గురించి కాదు, కంప్యూటర్ పక్కనుండే మౌసు గురించే.

కిందటేడు పనిమీద ఒక ఊరెళ్లి, అక్కడి హాస్టల్లో ఉన్న స్నేహితుడి కోసం కాసేపు ఆగాను. ఏ ఊరో రాయను. అలాంటి గది చాలా ఊళ్లలో ఉంది. స్టడీ అవర్ గదిలో ఒక మూల కంప్యూటర్, దాని మీద పాత దుప్పటి, దుప్పటి మీద కేరమ్ బోర్డు.

"ఇదేటి తమ్ముడూ ఇలగుంది?" అని అడిగాను.

"పాడైపోనాదన్నా" అన్నాడు తొమ్మిదో తరగతి కుర్రాడు.

ఎన్నాళ్లయింది అంటే నాలుగు నెలలట. ఏమైంది అంటే, "బాణం కదల్డం నేదు."

మెకానిక్‌కి చెప్పారట. ఆయన రాలేదట. ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి దుప్పటి కప్పేశారట. వార్డెన్ గారిని అడిగి, దుప్పటి తీసి, స్విచ్ వేశాను. పాత మిషనే, అందులో ఉన్నది లినక్స్. చక్కగా తెరుచుకుంది. క్యాప్స్ లాక్ నొక్కితే కీబోర్డు మీద చిన్న లైటు వెలిగింది, మళ్లీ నొక్కితే ఆరింది. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కితే లోపలికెళ్లింది. మౌసు తిరగేసి చూస్తే అడుగున ఎర్ర లైటు లేదు. ఇంకేముంది, మౌసు పోయిందని తేల్చేసి, నా సంచీలో ఉన్న మౌసు గొప్పగా తీసి అదే రంధ్రంలో పెట్టాను. అదీ వెలగలేదు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీదీ పాడైపోనాదా అన్నా?" అన్నాడొకడు.

అప్పుడు డబ్బాని కొంచెం పక్కకి తిప్పి, వెనక ఉన్న యూఎస్‌బీ రంధ్రంలో పెట్టాను. ఎర్ర లైటు వెలిగింది, బాణం కదిలింది. వాళ్ల పాత మౌసు పెట్టినా కదిలింది. పోయినది మౌసు కాదు, ముందువైపు రంధ్రాలకి లోపలి నుంచి వచ్చే తీగ. ముందు పెట్టింది తీసి వెనక పెట్టడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలల్లో పదో తరగతి కుర్రాళ్లు ఏ ఫారం నింపాలన్నా బస్సెక్కి టౌన్‌లో నెట్ సెంటర్‌కి వెళ్లారు. బస్సు చార్జీ, నెట్ సెంటర్ వాడికి రుసుము, ఒక పూట బడి. తెలుగు టైపు మొదలుపెట్టిన ఒకడు సగంలో ఆపేశాడు. "మరి ఇప్పుడు మళ్లీ మొదలెట్టాలన్నా, మర్చిపోనాను" అన్నాడు. నాకు బాధనిపించింది ఆ మాటకే. వాడి తప్పేమీ లేదు.

నా అభిప్రాయం ఇది. మన హాస్టళ్లలో కంప్యూటర్లు ఎక్కువగా పాడైపోవడం లేదు. పాడైపోయాయని నమ్మేసి ఆపేస్తున్నాం. అలా నమ్మకుండా ఉండాలంటే హాస్టల్ పిల్లలకి వాటిమీద చెయ్యి వేసే హక్కు ఇవ్వాలి. పోతాయన్న భయంతో దాచినవి దాచినచోటే పోతాయి.

ఈ భయం నాకూ ఉండేది, అందుకే రాయగలుగుతున్నాను. నేను కాలేజీలో చేరిన కొత్తలో ల్యాబ్‌కి గుడికి వెళ్లినట్టు చెప్పులు విప్పి వెళ్లేవాళ్లం. అప్పటి మౌసులకి అడుగున రబ్బరు బంతి ఉండేది. దాని లోపలి చక్రాలకి మురికి పట్టి బాణం ఆగి ఆగి నడిచేది. తీగ చివర గుండ్రటి ఆకుపచ్చ పిన్ను, దాన్ని పీఎస్/2 అంటారు. ఒకరోజు నా కాలికి తగిలి ఆ పిన్ను ఊడింది. ఎవరూ చూడలేదు కదా అని మళ్లీ గుచ్చాను. బాణం కదల్లేదు. కంప్యూటర్ కాల్చేశానని రెండు రోజులు ల్యాబ్‌కి పోలేదు. జీతం లేని మా నాన్న దాని ఖరీదు ఎక్కణ్ణించి కడతాడని రాత్రులు లెక్క వేసుకున్నాను. మూడో రోజు ఒక సీనియర్ అన్న నవ్వి, "ఆ పిన్ను మిషను నడుస్తుండగా ఊడితే మళ్లీ గుచ్చినా తెలుసుకోదురా. ఆపి వెయ్యి" అన్నాడు. ఆపి వేస్తే నడిచింది. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ రెండు రోజులు నిద్ర పట్టేది.

అందుకని తమ్ముళ్లూ, నాకు తెలిసినవి మీకు ముందే చెప్తున్నాను. మన హాస్టల్లో ఉన్నది లినక్స్ అయితే ఇవన్నీ పనికొస్తాయి.

బాణం ఆగగానే మొదట తేల్చుకోవలసింది ఆగింది బాణమా, మిషనా అన్నది. క్యాప్స్ లాక్ లైటు వెలిగి ఆరుతుంటే మిషను చాలావరకు బతికే ఉన్నట్టు. తరవాత మౌసు తిరగేసి లైటు చూడండి. తీగ లేని మౌసయితే అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, ఒకటో రెండో సెల్సుంటాయి. సెల్సు అయిపోయి మౌసు పోయిందనుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. తీగ ఉన్నదైతే రంధ్రం మార్చండి, వీలైతే వెనకది. తీగని మొదలు నుంచి చివరి దాకా వేలితో తడమండి. మన దగ్గర నిజం ఎలుకలు ఈ ఎలుక తోకని కొరికేసిన సందర్భాలు లేకపోలేదు. ఇంకొకటి, వార్డెన్ గారి బల్ల మీద అద్దం ఉంటుంది చూడండి, దాని కింద ఫొటోలు, క్యాలెండరు కాగితాలు. లైటు మౌసు అడుగు ఉపరితలాన్ని చూస్తూ నడుస్తుంది, అద్దం మీద దానికి దారి కనపడదు. కింద ఒక నోటుపుస్తకం పెట్టండి. కొత్త మౌసు కొనాలని బిల్లు రాసేముందు ఈ పని చెయ్యండి.

ఇవన్నీ చూశాక కూడా కదలకపోతే అప్పుడు లినక్స్‌ని అడగాలి. అది చెప్తుంది. ఇది నాకు లినక్స్‌లో బాగా నచ్చిన గుణం.

మౌసు లేకుండా ఎలా అడగడం అంటారా? కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే ఉబుంటు వంటి వాటిలో టెర్మినల్ తెరుచుకుంటుంది. అది తెరుచుకోకపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. బొమ్మలన్నీ పోయి నల్లటి తెర మీద పేరు, పాస్‌వర్డ్ అడుగుతుంది. కంగారు పడొద్దు, మీరు రాసుకున్నది ఎక్కడికీ పోలేదు. కంట్రోల్, ఆల్ట్‌తో ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ, పాత లినక్సుల్లో ఎఫ్7 గానీ నొక్కితే మళ్లీ వెనక్కి వస్తారు.

అక్కడ ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అనే అయిదు ఇంగ్లీషు చిన్నక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. యూఎస్‌బీకి తగిలించి ఉన్న వస్తువులన్నీ హాజరుపట్టీలో పేర్ల లాగా వస్తాయి. మౌసు పేరు అందులో ఉంటే తీగ, రంధ్రం బాగున్నట్టే, తేడా సాఫ్ట్‌వేర్ వైపు ఉన్నట్టు. పేరు లేకపోతే మౌసో, తీగో, రంధ్రమో. ఈ ఒక్క మాటతో సగం పని అయిపోతుంది.

మిగతా సగానికి ఇంకో మాట ఉంది. సుడో అని కొట్టి, ఖాళీ వదిలి, డీ, ఎమ్, ఈ, ఎస్, జీ కలిపి కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి, ఒక చిన్న గీత పెట్టి డబ్ల్యూ కొట్టాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇచ్చాక, లినక్స్ లోపలి గుండెకాయ అయిన కెర్నెల్ తనకి జరిగిన ప్రతి సంగతీ రాసుకునే పద్దు తెర మీద కనిపిస్తుంది. ఇప్పుడు మౌసు పీకి, మళ్లీ పెట్టండి. మీరు చూస్తుండగానే కొత్త వరసలు పడతాయి. కొత్త యూఎస్‌బీ వస్తువు వచ్చిందని, దాని తయారీదారు ఫలానా అని, దాన్ని మౌసుగా గుర్తించానని రాస్తుంది. ఎర్రర్ మైనస్ 71 అని రాస్తే మాటలు మధ్యలో చెదిరిపోతున్నాయని, చాలాసార్లు తీగో పిన్నో కారణం. మైనస్ 110 అంటే అడిగాను, గడువులోగా జవాబు రాలేదు అని. మీరు పెట్టినా తీసినా ఒక్క వరసా పడకపోతే మౌసు వచ్చిన సంగతే దానికి తెలియలేదు. నేను చెప్పిన ఆ హాస్టల్లో జరిగింది అదే. ముందు రంధ్రంలో పెడితే మౌనం, వెనక పెడితే వరసగా జవాబులు.

మౌసు కాసేపు బాగా నడిచి, మనం అన్నం తిని వచ్చేసరికి ఆగిపోయి, ఒక నొక్కు నొక్కితే లేస్తోందంటే అది పాడవడం కాదు, నిద్ర. కరెంటు పొదుపు కోసం వాడని యూఎస్‌బీ వస్తువుల్ని లినక్స్ పడుకోబెడుతుంది. ఆ పొదుపు మౌసుకి వర్తించకుండా సెట్టింగు మార్చుకోవచ్చు.

డ్రైవరుని తీసి మళ్లీ ఎక్కించమని కొందరు చెప్తారు. మోడ్‌ప్రోబ్ అనే ఆజ్ఞతో యూఎస్‌బీ మౌసు డ్రైవరుని తీసి వేయొచ్చు, నిజమే. కానీ ఆ డ్రైవరే యూఎస్‌బీ కీబోర్డుది కూడా. నేను ఒకసారి ధీమాగా తీసేశాను. మౌసుతో పాటు కీబోర్డు కూడా పోయింది, ఇంక తిరిగి ఎక్కించడానికి దేంతో కొట్టను? తియ్యడం, ఎక్కించడం రెండూ ఒకే వరసలో రాసి ఒకేసారి ఎంటర్ నొక్కాలని ఆ రోజు తెలిసింది.

మౌసు నిజంగానే పోయి, కొత్తది వచ్చేదాకా పది రోజులు పడుతుందనుకోండి. అప్పుడు కూడా దుప్పటి కప్పనక్కర్లేదు. సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ అనే చోట మౌస్ కీస్ అని ఉంటుంది. అది పెట్టుకుని నమ్ లాక్ ఆపితే, కుడివైపు అంకెల గళ్లలో 8, 2, 4, 6 నొక్కితే బాణం పైకి, కిందికి, ఎడమకి, కుడికి కదులుతుంది, 5 నొక్కితే క్లిక్. చేతులతో మౌసు పట్టలేనివాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు ఇది. ఫారం నింపడానికి, తెలుగు టైపు నేర్చుకోవడానికి చాలు. టైపుకి అసలు మౌసెందుకు? మౌసుని అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో మొదట చెక్కముక్కతో చేసింది, 1968లో జనానికి చూపించింది. అంతకుముందు కూడా కంప్యూటర్లు నడిచాయి.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాను. తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజో మీకు చెప్పనక్కర్లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మన శ్రీముఖలింగం పక్కనే పర్వతాలపేటలో పుట్టారు. వ్యావహారిక భాష కోసం ఆయన చేసిన పోరాటం పాఠంలో చదువుకున్నాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిన సంగతీ తెలుసు. ఇంకొకటి ఉంది. మన మధుకేశ్వరాలయం గోడల మీద శాసనాలు ఉన్నాయి కదా, ప్రసాదం తిని చెయ్యి తుడుచుకోబోతే పూజారి గారు కేకలేసే రాళ్లు. వాటి లిపిని ఆయన సొంత ప్రయత్నంతో నేర్చుకుని చదివారు. నాకు తెలియని లిపి, నా పని కాదు అనుకుని గుడికి దండం పెట్టి వెళ్లిపోలేదు.

కెర్నెల్ రాసే వరసలు కూడా మొదటిసారి చూస్తే అలాగే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలే గానీ ఇంగ్లీషు కాదు, నిండా అంకెలు. ఎనిమిదో తరగతి కుర్రాడు భయపడతాడు, సహజం. కానీ నాలుగుసార్లు మౌసు పీకి పెట్టి చూస్తే ఏ వరస దేనికి పడుతుందో వాడికే తెలుస్తుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను, పుస్తకం చదివి కాదు.

ఇక్కడే నా ఫిర్యాదు. ఆ పద్దు చదవడానికి ఇప్పటి లినక్సుల్లో చాలావాటికి పెద్ద పాస్‌వర్డ్ కావాలి, అదేమో ఆఫీసు బీరువాలో ఉంటుంది. పాస్‌వర్డ్ పిల్లలకి ఇచ్చెయ్యమని నేను అనను. దాంతో మిషను మొత్తం తుడిచెయ్యొచ్చు, వార్డెన్ గారి భయం న్యాయమైనదే. అయితే దీనికి మధ్యేమార్గం ఉంది. ఉబుంటు, డెబియన్ వంటి వాటిలో ఏడీఎమ్ అనే గుంపు ఒకటి ఉంటుంది. పిల్లలు వాడే ఖాతాని ఆ గుంపులో ఒకసారి చేర్చితే, జర్నల్‌సీటీఎల్ అనే ఆజ్ఞతో కెర్నెల్ పద్దు చదవగలరు. ఏదీ మార్చలేరు, చెరపలేరు. చదవడానికి మాత్రమే అనుమతి. వార్డెన్ గారు ఒక నిమిషం కూర్చుంటే అయ్యే పని.

"గుంటలు చెయ్యి పెడితే ఉన్నది కూడా పోతాది" అనే మాట ఎప్పటినుంచో వింటున్నాను. మా రోజుల్లో టీవీకి తాళం వేసినప్పుడూ ఇదే మాట. కావచ్చు, ఒక మౌసు పోతుంది. సాదా మౌసు రెండు మూడు వందల రూపాయలు. శ్రీకాకుళం నుంచి మన ఊరు 40 కిలోమీటర్ల పైమాటే. మెకానిక్ ఒకసారి వచ్చి వెళ్లే ఖర్చు ఎంతో, ఆయన వచ్చేదాకా పోయే రోజులెన్నో కూడా లెక్క వేసుకోండి. మన పిల్లలు చెయ్యి పెట్టని పని ఏదైనా ఉందా? మోటారు ఆగితే ఫుట్‌వాల్వు తీసి కడిగేది పిల్లలే. సైకిల్ చైను వేసుకునేది వాళ్లే. నాట్ల సెలవుల్లో ఇంటికెళ్లి ఇంజను స్టార్ట్ చేసేది వాళ్లే. ఒక్క కంప్యూటర్ దగ్గరే వాళ్లు చేతులు కట్టుకుని నిలబడాలా? డబ్బున్న ఇళ్లలో పిల్లలు మూడో ఏటనుంచే వస్తువులు విరగ్గొట్టి నేర్చుకుంటున్నారు. విరగ్గొట్టే అవకాశం లేనివాడు నేర్చుకోవడంలో వెనకబడుతున్నాడు, తెలివిలో కాదు.

కేరళ ప్రభుత్వ బడుల్లో చాలాకాలంగా లినక్సే వాడుతున్నారు. అక్కడి హైస్కూళ్లలో 2018లో లిటిల్ కైట్స్ అని విద్యార్థుల క్లబ్బులు పెట్టారు. అందులో యానిమేషన్, మలయాళం టైపుతో పాటు హార్డ్‌వేర్, ఎలక్ట్రానిక్స్ కూడా పిల్లలకి నేర్పుతారు. మన దగ్గరా పనిచేసేవాళ్లు లేకపోలేదు. హైదరాబాదులో 2005 నుంచి ఉన్న స్వేచ్ఛ సంస్థ తెలుగులో వాడుకునే లినక్స్ తయారుచేసింది. ఫిన్లాండులో 21 ఏళ్ల కుర్రాడు లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ లినక్స్‌ని డబ్బు కట్టకుండా ఎవరైనా వాడొచ్చు, విప్పి చూడొచ్చు, మార్చొచ్చు. విప్పి చూడమని ఇచ్చిన దాని మీద కూడా మనం దుప్పటి కప్పుతున్నాం.

మన హాస్టల్‌కి నేను అడిగేవి పెద్దవేమీ కావు. కంప్యూటర్ పక్కన మేకుకి ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. ఏ రోజు ఏది ఆగింది, ఏం చేస్తే నడిచింది, ఎవరు చేశారు అన్నది పిల్లలే తెలుగులో రాస్తారు. వంటగది డ్యూటీ లాగే నెలకి ఇద్దరికి కంప్యూటర్ డ్యూటీ వెయ్యండి, అందులో ఒకడు తప్పకుండా కింది తరగతివాడు ఉండాలి, లేకపోతే పదో తరగతివాళ్లు వెళ్లిపోగానే మళ్లీ మొదటికొస్తుంది. పుస్తకంలో నాలుగు వరసలు రాశాకే మెకానిక్‌కి ఫోన్ చెయ్యండి. "పాడైంది" అని కాకుండా "ముందు రంధ్రంలో పెడితే పద్దులో ఏమీ పడడం లేదు" అని చెప్తే ఆయన కూడా సరైన సామాను పట్టుకుని వస్తాడు.

మొన్న ఆ హాస్టల్ కుర్రాడి నుంచి ఫోన్ వచ్చింది. అదే, తొమ్మిదో తరగతివాడు, ఇప్పుడు పదిలో ఉన్నాడు. మౌసు మళ్లీ ఆగిందట. "లైటు ఎలుగుతోందన్నా. పద్దులో మైనస్ 71 అని రాస్తోంది. వెనక రంధ్రంలోనూ అంతే" అన్నాడు. తీగ చూశావా అని అడిగాను. "పిన్ను దగ్గర వొంచితే నడుస్తోంది, వదిల్తే ఆగిపోతోంది. కోసి మళ్లీ కలపమంటావా, కొత్తది కొనమంటావా?" అన్నాడు. లోపలి నాలుగు తీగల రంగులు చూసి రాసుకుని, ఏ రంగుకి ఆ రంగే కలిపి, విడివిడిగా టేపు చుట్టమన్నాను. సాయంత్రం మళ్లీ చేశాడు. మొదటిసారి తెల్లదీ ఆకుపచ్చదీ తారుమారయ్యాయట, రెండోసారి నడిచిందట.

వార్షికోత్సవానికి నేను వస్తున్నాను. బహుమతులు పంచడం అయ్యాక రెండు మౌసులు, ఒక స్క్రూడ్రైవరు పట్టుకుని స్టడీ అవర్ గదిలో కూర్చుంటాను. వార్డెన్ గారిని ముందే అడిగాను, సరే అన్నారు.